తలదాచుకొనే చోటు: జనరల్ విలియం బూత్‌గారి జీవితము

ఈ శతవార్షికోత్సవ సంచికకు ఒక దైవజనుని చరిత్ర వ్రాయుమని సంపాదకవర్గము వారు కోరినప్పుడు మాకు ముందుగా తోచిన పేరు జనరల్ విలియం బూత్‌గారిది. ఆయన మన సంఘశాఖకు చెందినవారు కారు. మెథడిస్టు సంఘములో పెరిగి, అందులోనుండి బయటికి వచ్చి, రక్షణ సైన్యమును స్థాపించినవారు. అయినను గుంటూరు, బాపట్ల ప్రాంతముల వారికి ఆ సైన్యపు డప్పులు, జెండాలు, ఎర్రపట్టీ టోపీలు కొత్తవి కావు. నిడుబ్రోలు ఆసుపత్రికిని, బాపట్ల కుష్ఠురోగుల ఆసుపత్రికిని ఉన్న ఎవాంజిలిన్ బూత్ అనే పేరు ఈయన కుమార్తెదే. డప్పుల సంగతి అందరికీ తెలుసు గనుక దానిని విడిచిపెట్టి, ఇల్లు లేనివారిని పట్టణములో ఎక్కడ ఉంచాలన్న ప్రశ్నతో ఆయన జీవితమంతా ఎలా పెనుగులాడారో ఆ మేరకు మాత్రమే ఇక్కడ వ్రాస్తున్నాము.

బూత్‌గారు 1829వ సంవత్సరము ఏప్రిల్ 10వ తేదీన ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ పట్టణమునకు ఆనుకొని ఉన్న స్నైంటన్‌లో జన్మించారు. తండ్రి ఇండ్లు కట్టించే వ్యాపారములో కొంత గడించి, పిమ్మట అంతా పోగొట్టుకున్నారు. పదమూడేండ్ల వయస్సులో విలియమును ఒక తాకట్టు దుకాణములో పనికి పెట్టారు. ఆ సంవత్సరమే, అనగా 1842లో, తండ్రి చనిపోయారు. తాకట్టు దుకాణము కంటె పేదరికమును దగ్గరగా చూపించే బడి వేరొకటి లేదు. సోమవారము నాడు భర్త కోటును తాకట్టు పెట్టి, శనివారము కూలి డబ్బు రాగానే విడిపించుకొని, మళ్లీ సోమవారము తెచ్చి పెట్టే స్త్రీలను ఆ బాలుడు ఆరేండ్లు చూశాడు. ఆ పనిని ఆయన అసహ్యించుకున్నారు గాని, అక్కడ నేర్చిన పాఠమును మరువలేదు.

యౌవనములో మారుమనస్సు పొందిన తరువాత ఆయన చేసిన ఒక పనిని జీవితచరిత్రకారులందరూ చెబుతారు. నాటింగ్‌హామ్ మురికివాడల్లోని చింపిరి గుడ్డల కుర్రవాళ్లను ఒక గుంపుగా కూడగట్టి, ఆదివారము ఆరాధనకు బ్రాడ్ స్ట్రీట్ దేవాలయమునకు తీసుకొనివెళ్లి, ముందు వరుసల్లోని మంచి బల్లలమీద కూర్చుండబెట్టారు. అవి కిరాయి చెల్లించే పెద్ద కుటుంబముల వారి బల్లలు. ఆరాధన అయిన పిమ్మట సంఘ పెద్దలు ఆయనను పిలిచి మాటలాడారు. కుర్రవాళ్లను తీసుకొని రావద్దని వారు చెప్పలేదు. ఇకమీదట పెద్ద ద్వారమున కాక వెనుక తలుపున తీసుకొని రమ్మన్నారు; పల్పిటుకు అవతల, సంఘము కంటికి ఆనని చోట గద్దెలేని బల్లలమీద కూర్చుండబెట్టమన్నారు. చదువరులు ఈ చిన్న సంగతిని గమనించవలెను. పేదవారిని చేర్చుకొనుటకు ఎవరికిని అభ్యంతరము లేదు. అభ్యంతరమంతా చోటును గురించినదే.

1849లో ఆయన పని వెదకుకొంటూ లండనుకు వచ్చారు. అక్కడ కూడ దొరికినది తాకట్టు దుకాణపు పనే. 1855లో కేథరిన్ మమ్‌ఫర్డ్‌గారిని వివాహమాడారు. ఈమె భర్తకు సాటి అయిన ప్రసంగీకురాలు. స్త్రీలు పల్పిటు ఎక్కుట విపరీతముగా తోచిన ఆ దినములలో ఆ హక్కును సమర్థిస్తూ కరపత్రము వ్రాసిన ధీశాలి. బూత్‌గారు కొంతకాలము మెథడిస్టు న్యూ కనెక్షన్ అనే శాఖలో గురువుగా ఉన్నారు. ఊరూరా తిరిగి సువార్త చెప్పుటకు సభవారు అనుమతించకపోగా 1861లో ఆ పదవిని వదులుకున్నారు. నిలకడైన జీతము లేదు, పెరుగుతున్న కుటుంబము. 1865లో లండను తూర్పు భాగములోని వైట్‌చాపెల్ వీధిలో, బ్లైండ్ బెగ్గర్ అనే సారాదుకాణము ఎదుట నిలువబడి మాటలాడారు. తరువాత క్వేకరుల పాత శ్మశానభూమిలో గుడారము వేసి కూటములు పెట్టారు. ఆ పనియే 1878లో రక్షణ సైన్యమను పేరు దాల్చినది.

ఆకలితో ఉన్నవానికి ప్రసంగము తలకెక్కదని ఆయనకు మొదటినుండి తెలుసు. 1870 ప్రాంతములో చౌకగా సూపు అమ్మే దుకాణములు కొన్ని నడిపించి చూశారు గాని 1874 నాటికి వాటిని మూసివేయవలసి వచ్చింది. ఆ దెబ్బతో చాల సంవత్సరములు అన్నవస్త్రముల పని జోలికి పోలేదు. సువార్త ఒక్కటే మా పని అనుకున్నారు. ఆ పదమూడేండ్లను గూర్చి ఆయన అభిమానులు ఎక్కువగా వ్రాయరు.

1887వ సంవత్సరము చలికాలములో ఒక రాత్రి ఆయన పొరుగూరి కూటమునుండి బండిలో ఇంటికి వస్తూ లండను వంతెన దాటారు. వంతెన గోడల గూళ్లలో మనుష్యులు ముడుచుకొని పడుకొని ఉండుట కంటబడింది. మరునాటి ఉదయము కుమారుడైన బ్రామ్‌వెల్‌ను పిలిచి, ఆ సంగతి నీకు తెలుసునా అని అడిగారు. తెలుసునని కుమారుడు చెప్పగా ఆయనకు కోపము వచ్చింది. ఎన్ని చిక్కులున్నా సరే, ఏదో ఒక గోదాము చూచి, లోపల వెచ్చజేసి, కప్పుకొనుటకేమైనా ఇచ్చి వారిని పడుకోనిమ్మని ఆజ్ఞాపించారు. 1888 ఫిబ్రవరిలో లైమ్‌హౌస్‌లో, వెస్ట్ ఇండియా డాక్ రోడ్డులో మొదటి ఆశ్రయము తెరవబడింది.

ఈ చోటును గూర్చి కొంచెము నిదానముగా చెప్పవలసియున్నది. లైమ్‌హౌస్ ఓడరేవుల ప్రక్కనే ఉన్నది. ఓడలనుండి సరకు దింపే కూలీలను ఆ రోజులలో ఏ పూటకాపూట గేటు దగ్గర నిలువబెట్టి ఎంచుకొనేవారు. తెల్లవారకముందే గేటు వద్దకు చేరనివానికి పని లేదు. పని లేనివానికి రాత్రి గది అద్దె లేదు. రాత్రి నిద్ర లేనివానికి మరునాడు బరువులెత్తే ఓపిక లేదు. కాబట్టి ఆశ్రయము గేటుకు నడిచివెళ్లే దూరములో ఉంటేనే దాని ప్రయోజనము.

ఆశ్రయములో నాలుగు పెన్నీలకు రాత్రి కాఫీ, రొట్టె, పడక, ఉదయము ఫలహారము ఇచ్చేవారు. పడక అంటే నేలమీద వరుసగా అమర్చిన పొడవాటి కొయ్యపెట్టె. అందులో ఒక పరుపు, పైన తోలువంటి దుప్పటి. శవపేటికల్లో పడుకోబెడుతున్నారని ఎగతాళి చేసినవారున్నారు. నాలుగు పెన్నీలు లేనివాడు కర్మశాలలో కట్టెలు కొట్టియో, మరేదైనా పని చేసియో ఆ వెల చెల్లించవచ్చును. ఊరకనే ఇచ్చుట బూత్‌గారికి ఇష్టము లేదు. పుచ్చుకొనేవాని తల వంగకూడదని ఆయన తలంపు.

అయితే ప్రభుత్వపు సత్రములు లేవా అని అడుగవచ్చును. ఉండేవి. పేదల చట్టము క్రింద ప్రతి ప్రాంతములోను దిమ్మరులకు ఒక గది ఉండేది. అందులో రాత్రి పడుకున్నవాడు మరునాడు రాళ్లు కొట్టవలెను, లేదా పాత త్రాళ్లను పీచు పీచుగా విడదీయవలెను. 1882లో వచ్చిన చట్టము ప్రకారము రెండవ రోజు ఉదయము తొమ్మిది గంటల వరకు బయటికి విడిచేవారు కారు. పని వెదకుకొనవలసిన వేళంతా లోపలే గడిచిపోయేది. బయట పడుకుందామంటే 1824 నాటి దిమ్మరుల చట్టము క్రింద పోలీసులు పట్టుకొనేవారు. లోపల ఉంటే పని పోతుంది, బయట ఉంటే ఠాణా. 1890 జూనులో ఒక రాత్రి సైన్యపు అధికారులు లెక్కించగా, థేమ్స్ నది గట్టుమీద 270 మంది, కోవెంట్ గార్డెన్ బజారులో 98 మంది ఆరుబయట పడుకొని ఉన్నారు. అది ప్రపంచములోకెల్ల ధనవంతమైన నగరము.

మరి ఆ నగరవాసులు ఏమన్నారు? మొదట కొట్టారు. 1882వ సంవత్సరము ఒక్కదానిలోనే రక్షణ సైన్యము వారు 669 మంది వీధులలో దెబ్బలు తిన్నారని వారి లెక్క. సారా అమ్మకము తగ్గిపోతున్నదని దుకాణదారులు అస్థిపంజర సైన్యము అనే పేరుతో అల్లరిమూకలను పోషించి ఊరేగింపుల మీదికి తోలారు. కొన్ని పట్టణములలో దెబ్బలు తిన్నవారినే జైలుకు పంపిన న్యాయాధిపతులున్నారు.

ఆశ్రయములు పెరిగిన కొలది అభ్యంతరములు మర్యాదగా మారాయి. దయాధర్మములను ఒక క్రమములో పెట్టవలెనని పనిచేసిన చారిటీ ఆర్గనైజేషన్ సొసైటీ కార్యదర్శి లోక్‌గారు బూత్ పథకమును విమర్శిస్తూ పుస్తకమే వ్రాశారు. చౌకగా పడక దొరుకుతుందని తెలిస్తే పల్లెల్లోని సోమరులందరూ లండనుకు వచ్చి చేరుతారన్నది అటువంటివారి వాదము. ఆశ్రయము ప్రక్కన కాపురముండేవారికి వేరే బాధలున్నాయి. సాయంత్రము తలుపు తెరిచే వేళకు వీధిలో పొడుగాటి వరుస, త్రాగి వచ్చేవారి కేకలు, దుర్వాసన, పేలు, మశూచి భయము. 1890ల మధ్యలో బ్లాక్‌ఫ్రయర్స్ రోడ్డు ఆశ్రయములో మనుష్యులను క్రిక్కిరిసి పడుకోబెడుతున్నారనియు, అంటువ్యాధులు ప్రబలుతాయనియు స్థానిక ఆరోగ్యాధికారులు పట్టుబట్టారు.

వీరందరినీ కఠినహృదయులని కొట్టివేయుట భక్తిపరులమైన మనకు సులభము. మేము అలా వ్రాయదలచుకోలేదు. గాలి ఆడని గదిలో వందలమందిని పడుకోబెట్టుట నిజముగానే ప్రమాదము. ఆ విషయములో ఆరోగ్యాధికారిదే న్యాయము. లైమ్‌హౌస్, సదర్క్ వీధులలో ఉన్నవారు కూడ పేదలే. మేడలున్న పడమటి లండను వీధులలో ఆశ్రయము పెట్టుమని ఎవరును ప్రతిపాదించలేదు; తూర్పువారికే ఎప్పుడును ఆ బరువు. తమను అడగకుండా తమ వీధిని ఎంచుకొన్నారని వారు గొణిగినప్పుడు అందులో సగము న్యాయము ఉన్నది. తక్కిన సగము మాత్రము నాటింగ్‌హామ్ దేవాలయపు వెనుక తలుపు సంగతియే.

1890 అక్టోబరు 4వ తేదీన కేథరిన్‌గారు కాన్సరు వ్యాధితో ప్రభువునందు నిద్రించారు. ఆ నెలలోనే బూత్‌గారి గ్రంథము వెలువడింది. అంధకార ఇంగ్లండును గూర్చియు, దాని విమోచన మార్గమును గూర్చియు వ్రాసిన ఆ గ్రంథమునకు పత్రికాసంపాదకుడు స్టెడ్‌గారు సహాయము చేశారు. భార్య మంచము ప్రక్కన కూర్చుండి దాని అచ్చుప్రతులు దిద్దిన మనిషిని తలంచుకొనండి. దేశ జనాభాలో పదవ వంతు, ముప్పది లక్షలమంది, మునిగిపోయి ఉన్నారని ఆయన లెక్క కట్టారు. లండను జట్కాగుర్రము పడిపోతే దానిని లేపుతారు. దానికి రాత్రి కొట్టము, తినుటకు గడ్డి, చేయుటకు పని ఉన్నాయి. మనిషికి కనీసము ఆ గుర్రపు హక్కు ఉండవలెనని ఆయన వాదించారు. ఈ గుర్రపు పోలికను అర్థము చేసికొనని పాఠకుడు లేడు. పథకమునకు లక్ష పౌనులు కావాలని అడిగితే కొద్ది నెలలలోనే వచ్చి చేరాయి.

ఆ పథకములో మూడు మెట్లున్నాయి. మొదటిది నగరములోని ఆశ్రయములు, కర్మశాలలు, పని చూపించే కార్యాలయము. రెండవది నగరము వెలుపల వ్యవసాయక్షేత్రము. మూడవది సముద్రము దాటి కొత్త భూములలో వలస. 1891లో ఎసెక్సు జిల్లాలోని హాడ్లీ వద్ద, లండనుకు 40 మైళ్ల లోపున, వందలాది ఎకరములు కొని, ఇటుక బట్టీలు, తోటలు, పాడి పశువులు పెట్టి, నగరమునుండి వచ్చినవారికి పని నేర్పారు. 1905లో ప్రభుత్వము పంపగా రచయిత రైడర్ హాగార్డ్‌గారు సైన్యపు క్షేత్రములను చూచి నివేదిక వ్రాశారు. ఆ హాడ్లీ భూమిలోనే 2012లో ఒలింపిక్ కొండసైకిలు పందెము జరిగినదని తెలిసినప్పుడు మాకు కొంచెము నవ్వు వచ్చింది. మూడవ మెట్టు ఆయన తలంచినట్లు ప్రత్యేక వలసరాజ్యముగా రూపు దాల్చలేదు. అయితే వేలకొలది కుటుంబములను కెనడాకు ఓడలలో పంపారు. మీ దరిద్రులను మా నెత్తిన వేస్తున్నారని అక్కడివారు గొణగకపోలేదు.

ఈ మూడు మెట్లలో మొదటిదే మేలైనదని మా అభిప్రాయము. రెండవ, మూడవ మెట్లకు లండను పెద్దమనుష్యులు సంతోషముగా చందాలిచ్చుటలో ఆశ్చర్యము లేదు. మనిషి బాగుపడుతున్నాడు, కంటికి కూడ కనబడకుండా పోతున్నాడు. బూత్‌గారి ఉద్దేశము అది కాదు. ఆయన నగరపు గాలే మనిషిని చెరుపుతుందని నమ్మినవారు. అయినను దూరమునకు పంపుట అనే పద్ధతి ఒకసారి చేతికి వస్తే, అది సహాయముగా మొదలై వెలివేతగా ముగియవచ్చును. దానికి సాక్ష్యము వెదకుటకు మనము ఎసెక్సు దాక పోనక్కరలేదు.

1908లో గోరఖ్‌పూరులో మొదలుపెట్టి రక్షణ సైన్యము వారు మన దేశములో నేరస్థ జాతులని ప్రభుత్వము ముద్ర వేసిన ప్రజలకు నివాసస్థలములు నడిపించారు. 1882లో బొంబాయిలో దిగి సైన్యపు పని ఆరంభించిన టక్కరుగారే, బూత్‌గారి అల్లుడై బూత్-టక్కరు అనే పేరుతో ఈ పనికి నాయకులు. బూత్‌గారు చనిపోయిన మరుసటి సంవత్సరము, 1913లో, బాపట్లకు దగ్గరలో ఎరుకల కుటుంబముల కొరకు ఒక ఊరు కట్టారు. మద్రాసు ప్రభుత్వములోని ఉన్నతాధికారి హరాల్డ్ స్టూవర్టు పేర దానికి స్టూవర్టుపురము అని పేరు. ఊరూరా ఉప్పు, ధాన్యము మోసుకొని తిరిగే జీవనమును రైళ్లు మ్రింగివేయగా నిలువ నీడ లేకుండా పోయిన జనమునకు అక్కడ ఇల్లు, బడి, వైద్యము, పని దొరికాయి. అది మంచి. అదే ఊరిలో వారు హాజరు పలుకవలెను, అనుమతి లేనిదే పొలిమేర దాటరాదు. ఆ చట్టము దేశమంతటా 1952లో రద్దయింది గాని, ఊరి పేరుకు అంటుకొన్న మచ్చ అంత త్వరగా పోలేదు. రైలులో ఆ స్టేషను పేరు వినగానే పెట్టెలు దగ్గరకు లాగుకొనే ప్రయాణికులను మాలో చాలమంది చూశారు. ఆ ఊరినుండి వచ్చిన ఉపాధ్యాయులు, ఉద్యోగులు ఆ చూపును ఎంతకాలము భరించారో వారికే తెలుసు.

బూత్‌గారి కడపటి దినములకు వద్దాము. పథకపు డబ్బు దుర్వినియోగమైనదని పుకార్లు పుట్టగా 1892లో బయటి పెద్దమనుష్యుల సంఘము లెక్కలు తనిఖీ చేసి, ఖర్చు సక్రమముగానే జరిగినదని తేల్చింది. శాస్త్రవేత్త హక్స్‌లీగారు టైమ్స్ పత్రికలో ఉత్తరములు వ్రాసి, ఒక్క మనిషి చేతిలో ఇంత అధికారము అపాయమని హెచ్చరించారు. ఆ మాటలో కొంత నిజమున్నదని బూత్‌గారి కుటుంబమే నిరూపించింది. ఆయన ఆజ్ఞలను భరించలేక ముగ్గురు సొంత బిడ్డలు సైన్యమును విడిచి వెళ్లారు. 1905లో లండను నగరము ఆయనకు నగర గౌరవపౌరసత్వమును ఇచ్చింది. 1907లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయము డాక్టరు పట్టము ఇచ్చింది. చూపు పోయిన తరువాత కూడ కూటములలో మాటలాడుతూనే ఉండి, 1912 ఆగస్టు 20వ తేదీన మహిమలో ప్రవేశించారు. ఆయన భౌతికకాయమును ఉంచిన మందిరము ముందు లక్షకు పైగా జనము బారులు తీరారు. ఒకప్పుడు ఆయన మనుష్యులపై బురద చల్లిన వీధులలోనుండే ఆ జనములో చాలమంది వచ్చారు.

ఇక మన సంగతి. 2011 జనాభా లెక్కలలో మన దేశమున ఇల్లు లేనివారు 17 లక్షల 70 వేల పైచిలుకు. లక్షమంది పట్టణవాసులకు ఒక ఆశ్రయము చొప్పున ఉండవలెనని సుప్రీంకోర్టు 2010లో ఆదేశాలిచ్చింది. 2013లో వచ్చిన కేంద్ర పథకము కూడ అదే లెక్కను తీసికొని, అవి రైల్వేస్టేషన్లకు, బస్టాండులకు, మార్కెట్లకు, కూలిపనులు దొరికే చోట్లకు దగ్గరగా ఉండవలెనన్నది. లైమ్‌హౌస్‌లో నేర్చుకొన్న పాఠమే నూట పాతికేండ్ల తరువాత ప్రభుత్వ కాగితములలో కనబడినది. ఊరి వెలుపల, బస్సు వెళ్లని చోట కట్టినవి ఖాళీగా ఉండుటకు కారణము కూడ ఇదే.

మా పాస్టరేటులో, బస్టాండుకు అర కిలోమీటరు దూరములో, బాలుర బోర్డింగు ఎత్తివేసిన తరువాత ఖాళీగా ఉన్న పాత భవనము ఒకటి ఉన్నది. శతవార్షికోత్సవపు గుర్తుగా దానిని రాత్రి ఆశ్రయముగా మార్చవలెనని యౌవనుల సమాజము వారు కోరారు. చుట్టుప్రక్కల ఇండ్లవారిని పిలిచి రెండు సాయంత్రములు వారి మాట విన్నాము. ఆడపిల్లలు ట్యూషనుకు వెళ్లి వచ్చే సందు అది అని ఒకరు, రాత్రి తగాదాలైతే ఎవరు బాధ్యులని ఇంకొకరు అడిగారు. కావలి మనిషిని, దీపములను, స్నానపు గదులను, స్త్రీలకు వేరు భాగమును గూర్చి వారు అడిగినవన్నీ న్యాయమైనవే గనుక అంచనాలో చేర్చాము. మా సంఘ సభ్యులు కొందరు మాత్రము స్థలము మన శ్మశానవాటిక దగ్గర, ఊరికి ఏడు కిలోమీటర్ల అవతల ఉంటే బాగుంటుందని వ్రాసి ఇచ్చారు. ఆ కాగితము మీద సంతకములు ఎక్కువే. ఇంజనీరు గీసిన పటములో ఆశ్రయపు ద్వారము వెనుక సందులోనికి ఉన్నది. దానిని ముందువైపునకు, దేవాలయపు పెద్ద గేటు ప్రక్కకు మార్చవలెనన్న తీర్మానము సెప్టెంబరు సమావేశములో ఓటుకు రానున్నది. మేము దానికి అనుకూలముగా సంతకము చేశాము.